టాస్క్‌బార్ మాయమైందా? ఫార్మాట్ జోలికి పోకండి

పోయిన వారం నాలుగు ఫోన్లు. భవానీనగర్ నుంచి ఒకటి, తిరుచానూరు నుంచి ఒకటి, కొర్లగుంట నుంచి రెండు. నలుగురిదీ ఒకటే మాట: "అన్నా, స్క్రీన్ కింద ఉండే పట్టీ పొయ్యింది. విండోస్ పోయినట్టుండాది. ఫార్మాట్ కొట్టాలంట గదా, ఎంతవుతుంది?" మూడు కేసులు ఫోన్లోనే తేలిపోయాయి. నాలుగోదానికి ఇంటికి వెళ్లాను, అక్కడ కూడా పావుగంటకు మించి పట్టలేదు. ఫార్మాట్, అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం, ఒక్కదానికీ అవసరం రాలేదు.

పద్దెనిమిదేళ్లుగా తిరుపతిలో ఇళ్లకు వెళ్లి సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. టాస్క్‌బార్ కనబడలేదన్న ఒక్క కారణంతో ఫార్మాట్ తప్పనిసరైన సిస్టమ్‌లు నాకు ఒక చేతి వేళ్లకు మించి ఎదురుపడలేదు. అయినా ఈ మాట ఊరంతా పాకిపోయింది. ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల జనం పోగొట్టుకుంటున్నది ఫార్మాట్‌కు ఇచ్చే ఐదు వందలు మాత్రమే కాదు.

అపోహ: టాస్క్‌బార్ పోయిందంటే విండోస్ పోయినట్టే

కాదు. మనం ఫోల్డర్లు తెరుచుకునే ఎక్స్‌ప్లోరర్ ఉంది చూడండి, డెస్క్‌టాప్ మీద ఐకాన్లను, కింద టాస్క్‌బార్‌ను చూపించేది కూడా అదే. అది ఆగిపోతే రెండూ కలిసే పోతాయి. వెనక విండోస్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. మీ ఫైళ్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి.

అందుకే ఫోన్ చేసినవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఐకాన్లు కనబడుతున్నాయా?

ఐకాన్లు ఉండి పట్టీ ఒక్కటే లేదంటే ఎక్కువసార్లు అది దాక్కుంది, అంతే. మౌస్‌ను స్క్రీన్ అడుగు అంచు దాకా దించి అక్కడే ఒక్క క్షణం ఆపండి. లేదా కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ నొక్కండి. పట్టీ లేచి వచ్చిందంటే ఆటో హైడ్, అంటే పట్టీ దానంతటదే దాక్కునే సెట్టింగ్, ఆన్ అయిందన్నమాట. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్‌కు వెళ్లండి. విండోస్ 11లో అయితే టాస్క్‌బార్ బిహేవియర్స్ అని ఇంకో వరుస ఉంటుంది, అది తెరవాలి. 'ఆటోమేటికల్లీ హైడ్' అన్న చోట టిక్ తీసేస్తే సరి.

ఐకాన్లు కూడా లేక ఖాళీగా, నల్లగా ఉంటే ఎక్స్‌ప్లోరర్ ఆగిపోయింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ కనబడితే దాని మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ అనండి. అసలు కనబడకపోతే 'రన్ న్యూ టాస్క్' నొక్కి, ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టండి. స్క్రీన్ ఒకసారి మినుక్కుమని పట్టీ వచ్చి కూర్చుంటుంది. విండోస్ 10లో ఆ రన్ న్యూ టాస్క్ ఫైల్ మెనూలో ఉంటుంది, 11లో పైనే బటన్‌గా కనబడుతుంది.

ఇంతే. ఇంత చిన్న పనికి ఏం జరుగుతోందో చెబుతాను.

బైరాగిపట్టెడలో ఒక రిటైర్డ్ అయివారు ఉన్నారు. వాళ్ల సొంతూరు పాకాల దగ్గర పల్లె. వాళ్లమ్మ వడ్లు దంచేటప్పుడు, పసుపు దంచేటప్పుడు పాడిన పాటలన్నీ జ్ఞాపకం తెచ్చుకుని, తెలియనివి ఊళ్లో ముసలమ్మలను అడిగి, మూడేళ్లుగా లాప్‌టాప్‌లో టైపు చేసుకుంటున్నారు. ఒక్కో వేలితో, ఒక్కో అక్షరం. ఒకరోజు పట్టీ కనబడలేదు. తీసుకెళ్లి ఒక షాపులో ఇచ్చారు. సాయంత్రానికి ఫార్మాట్ అయిపోయింది. "సీ డ్రైవ్ ఒక్కటే కొట్టినాం సార్, మీ డేటా జోలికి పోలేదు" అని చెప్పి పంపించారు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నదే సీ డ్రైవ్ ఒక్కటి. పాటలున్నది డెస్క్‌టాప్ మీద, 'అమ్మ' అనే ఫోల్డర్‌లో.

నా దగ్గరికి వచ్చేసరికి రెండు వారాలు దాటింది. అందులో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌లతో నడిచే కొత్త రకం డిస్క్. పాత హార్డ్ డిస్క్ అయితే చెరిపినా, దాని మీద కొత్తవి పడేదాకా ఎంతోకొంత ఏరుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు, చెరిపిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు ఎప్పటికప్పుడు ఖాళీ చేసేస్తుంది. రాత్రంతా రికవరీ పెట్టాను. ఒక్క పాట రాలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో వెతికాను, ఆయన అందులో ఎప్పుడూ సైన్ ఇన్ కాలేదు. చివరికి వాళ్లమ్మాయికి వాట్సాప్‌లో పంపిన పదకొండు పాటలు మిగిలాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే నాయనా, నువ్వేం చేస్తావు" అన్నారు. పక్కనే నిలబడిన మనవడు, ఎనిమిదేళ్లుంటాయి, మెల్లగా నోరు తెరిచాడు: "తాతా, అది పోలేదు. మౌస్ కిందికి తీసుకపోతే లేస్తా ఉన్నింది. నేను చూసినా." ఎవరూ ఆ పిల్లవాణ్ణి అడగలేదు. షాపులో ఎవరూ మౌస్‌ను కిందికి తీసుకెళ్లి చూడలేదు.

ఆ రోజు నుంచి ఫార్మాట్ అన్న మాట వింటే నాకు కడుపులో దేవినట్టవుతుంది.

"సీ డ్రైవ్‌లో విండోస్ ఒక్కటే ఉంటుంది, మన సరుకంతా డీలో ఉంటుంది" అన్నది కూడా దీనికి పుట్టిన అపోహే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, ఈ నాలుగూ మామూలుగా ఉండేది సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లోనే. సీ కొట్టారంటే అవన్నీ పోయినట్టే.

అపోహ: వైరస్ పట్టింది

వైరస్ రాసేవాడికి మీ పట్టీ దాచిపెడితే ఏమొస్తుంది? వాడికి కావాల్సింది పాస్‌వర్డులు, డబ్బు. సిస్టమ్ మామూలుగా నడుస్తున్నట్టు కనబడటమే వాడికి లాభం. అనుమానం ఉంటే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌తో స్కాన్ చేసుకోండి, తప్పులేదు. కానీ ఎక్స్‌ప్లోరర్ మాటిమాటికీ పడిపోతోందంటే నేను మొదట వెతికేది పాత స్టార్ట్ మెనూ తెస్తామనే టూల్స్‌ను. విండోస్ 11 వచ్చాక పిలకాయలు ఇవి తెగ వేస్తున్నారు. ఒక అప్‌డేట్ రాగానే రెండింటికీ పొసగదు, పట్టీ వచ్చి పోతూ ఉంటుంది. టూల్ తీసేస్తే నిలబడుతుంది. అసలు తప్పు మనదే కానక్కర్లేదు కూడా. 2021 సెప్టెంబరులో విండోస్ 11 ఇంకా పరీక్షల్లో ఉండగా, మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి వచ్చిన ఒక చిన్న యాడ్ వల్ల చాలామంది టెస్టర్లకు టాస్క్‌బార్ పనిచేయకుండా పోయింది. దాన్ని అటువైపు నుంచే ఆపేశారు.

అపోహ: విండోస్ 10 గడువు అయిపోయింది, అందుకే పోయింది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసిన మాట నిజం. ఆగేది సెక్యూరిటీ అప్‌డేట్లు, టాస్క్‌బార్ కాదు. విండోస్ యాక్టివేషన్ (లైసెన్సు నమోదు) లేకపోయినా అంతే, మూలన హెచ్చరిక అక్షరాలు వస్తాయి, పట్టీ పోదు.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా రాలేదు కాబట్టి పెద్ద సమస్యే

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, కొంత స్థితిని దాచుకుని మళ్లీ దాంతోనే లేస్తుంది. రీస్టార్ట్ అని ఉన్నదాన్నే నొక్కండి. ఈ రెంటికీ తేడా ఉంది.

టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో కలిపినవాళ్లకు ఇంకో సంగతి: కొన్ని టీవీలు బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తాయి, పట్టీ ఆ కోతలో పోతుంది. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు మార్చండి, కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు. బ్రౌజర్‌లో ఉండగానే పోయిందంటే ఎఫ్11 నొక్కి చూడండి. మూడు వందల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున ఈ ఫోన్ నాకు తప్పకుండా వస్తుంది. ఆన్‌లైన్ క్యూలో ఉన్న తొందరలో చెయ్యి ఎక్కడో తగులుతుంది, స్క్రీన్ అంతా బ్రౌజరే నిండిపోతుంది. ఆ కంగారు నాకు అర్థమవుతుంది. మళ్లీ ఎఫ్11 నొక్కితే చాలు, పేజీ ఎక్కడికీ పోదు.

అపోహ: నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరు మైక్రోసాఫ్ట్‌దే

ఇక్కడ మాత్రం గట్టిగానే చెబుతాను. హెచ్చరిక మెసేజీలో మైక్రోసాఫ్ట్ ఎప్పుడూ ఫోన్ నంబరు పెట్టదు. సెర్చ్‌లో పైన కనబడ్డ నంబరుకు చేస్తే, వాళ్లు రిమోట్ యాప్ ఒకటి వేయమంటారు. తర్వాత నల్ల స్క్రీన్ మీద ఏవో అక్షరాలు పరిగెత్తించి, వైరస్‌లంటూ భయపెడతారు. ఆ యాప్ ఉన్నంతసేపూ మీ బ్యాంకు పేజీ వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే నెట్ తీసేసి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, బ్యాంకుకు చెప్పండి. సిగ్గుపడి ఊరుకోవద్దు, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇన్ని చేసినా పట్టీ రాకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి చూడండి. అందులో వచ్చిందంటే చెడింది మీ పాత ప్రొఫైల్ మాత్రమే, విండోస్ బాగానే ఉంది. అప్పటికీ కుదరక షాపుకు ఇవ్వాల్సి వస్తే, బిల్లు రాయకముందే ఈ మాట చెప్పండి: "ముందు యూజర్స్ ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి. అందులోంచి నా ఫైళ్లు రెండు మూడు నా ఎదురుగా తెరిచి చూపించు. ఆ తర్వాతే ఏదైనా." విండోస్ అసలు లేవకపోయినా చాలాసార్లు కాపీ తీయవచ్చు, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్) నడిపించో, ఎస్‌ఎస్‌డీ విప్పి వేరేదానికి తగిలించో. డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకు తాళం, ఉంటే రికవరీ కీ అడుగుతుంది, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతికి దాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి. అంత ఓపిక లేదని ఆ షాపువాళ్లంటే లాప్‌టాప్ తీసుకుని ఇంటికొచ్చేయండి.