‘కొత్త యూనివర్సిటీనా?’ అని అడిగేవాళ్లకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా ఒక కొత్త రాష్ట్ర యూనివర్సిటీలో పీజీ పిల్లలకు బోటనీ చెబుతున్నాను. కొత్తది అంటే నిన్న మొన్న పుట్టింది కాదు. 2006 నుంచి 2008 దాకా ఉమ్మడి రాష్ట్రంలో వరసగా కొన్ని యూనివర్సిటీలు వచ్చాయి కదా. కడపలో యోగి వేమన, రాజమండ్రిలో ఆదికవి నన్నయ, డిచ్‌పల్లిలో తెలంగాణ, నల్లగొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, నెల్లూరులో విక్రమ సింహపురి, మచిలీపట్నంలో కృష్ణా... మాదీ ఆ కాలంలో వచ్చిందే. ఏటా అడ్మిషన్లప్పుడు నా ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాల్లో ఒకటే దిగులు చూస్తాను. పెద్ద యూనివర్సిటీలో సీటు రాలేదు, ఇక్కడికి రావాల్సి వచ్చింది అని. ఆ దిగులుతోనే మొదటి సెమిస్టర్ అంతా గడిపేస్తారు. ఇక్కడ నిజంగా లేనివి ఏవో, ఉండి కూడా వాళ్లు వాడుకోనివి ఏవో విడదీసి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అపోహ: కొత్త యూనివర్సిటీ డిగ్రీకి విలువ ఉండదు.

చట్టం ముందు అన్నీ ఒకటే. పార్లమెంటు చట్టంతోగానీ, శాసనసభ చట్టంతోగానీ ఏర్పడిన యూనివర్సిటీకి డిగ్రీ ఇచ్చే హక్కు ఉంటుందని 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీకి ఉన్న హక్కే 2008లో పుట్టిన దాని డిగ్రీకీ ఉంది. గ్రూప్స్‌కైనా, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కైనా, జూనియర్ లెక్చరర్ పోస్టుకైనా ‘గుర్తింపు పొందిన యూనివర్సిటీ’ అనే అడుగుతారు తప్ప ఎన్నేళ్లదని అడగరు.

పైగా వీటిలో చాలావరకు శూన్యంలోంచి పుట్టలేదు. కడపలో అంతకుముందే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పీజీ సెంటర్ ఉంది. శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్, మహబూబ్‌నగర్‌లో ఉస్మానియా పీజీ సెంటర్ ఉండేవి. అవే పెరిగి యూనివర్సిటీలయ్యాయి. ఇంకో మాట. ఆంధ్రా యూనివర్సిటీ మొదట బెజవాడలో మొదలై 1930లో గానీ వాల్తేరు చేరలేదు. ఉస్మానియా 1918లో ఏర్పడితే, ఈరోజు మనం ఫొటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఇరవై ఒక్క ఏళ్లు! మా క్యాంపస్‌లో ఒక బ్లాకు సగంలో ఆగి ఉందని నవ్వే పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను.

అయితే ఒక విషయం దాచకూడదు. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో పేరు చూస్తారు. నాణ్యతను బట్టి విద్యాసంస్థలకు న్యాక్ అనే సంస్థ ఇచ్చే గ్రేడ్ చూస్తారు. కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాకో, ఆరేళ్లు నిండాకో గానీ న్యాక్‌కి దరఖాస్తు చేసే అర్హతే రాదు. కాబట్టి కొత్త సంస్థకు గ్రేడ్ లేకపోవడం వేరు, అర్హత వచ్చి ఏళ్లు గడిచినా వెళ్లకపోవడం వేరు. మీరు చేరేది రెండో రకమైతే ఎందుకని నిలదీసి అడగండి. యూజీసీ 12బీ గుర్తింపు ఉందా అని కూడా అడగండి. అది లేకపోతే డిగ్రీ చెల్లదని కాదు, యూజీసీ నుంచి నిధులు రావు. ఆ లోటు ల్యాబులో కనిపిస్తుంది.

అపోహ: లైబ్రరీ ఖాళీ, ల్యాబు ఖాళీ, ఇక రీసెర్చ్ ఏముంటుంది?

లైబ్రరీ సంగతిలో ఈ మాటకు కాలం చెల్లింది. నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక్క పేపర్ కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, పొద్దున్నే లైబ్రరీ తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, జిరాక్స్ తీయించుకుని మళ్లీ రాత్రి బస్సుకు వచ్చేదాన్ని. 2025 జనవరి 1 నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలుపెట్టింది. 30 పెద్ద పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటికీ తెరిచారు. ఐఐటీలో చదివే పిల్లాడు చదివే పేపరే మా పిల్లాడూ చదవచ్చు. మన సంస్థ అందులో నమోదై ఉండాలి, అంతే. అయితే మా ఎమ్మెస్సీ ఫైనలియర్‌లో దీన్ని ఎంతమంది వాడారని అడిగితే రెండు చేతులు లేచాయి. ఆ రోజు నాకు చాలా బాధేసింది. సదుపాయం లేక కాదు, ఉందని చెప్పినవాళ్లు లేక. అందులో నా తప్పు కూడా ఉంది. ఇప్పుడు మొదటి వారంలోనే లైబ్రేరియన్ దగ్గరికి తీసుకెళ్లి, ప్రతి ఒక్కరి చేత లాగిన్ చేయించి, ఒక పేపర్ డౌన్‌లోడ్ చేశాకే క్లాసుకు పంపిస్తున్నాను. పీహెచ్‌డీ థీసిస్‌లు ఎలా ఉంటాయో చూడాలంటే శోధగంగ వెబ్‌సైట్ ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ల్యాబు మాత్రం నిజంగానే లోటు. ఖరీదైన పరికరం కొనడానికి డబ్బు లేదు, కొన్నది రిపేరుకొస్తే బాగుచేసేవాళ్లు దగ్గర్లో లేరు. దీనికి నాకు తెలిసిన ఒక దారి వేసవి ఫెలోషిప్. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా ఇస్తాయి. రెండు నెలలు ఒక పెద్ద ల్యాబులో పనిచేయవచ్చు, స్టైపెండ్ ఇస్తారు. ఏ యూనివర్సిటీ వాళ్లైనా దరఖాస్తు చేయవచ్చు, మీరు ఏం చేయాలనుకుంటున్నారో రాసింది కూడా చూస్తారు. మార్చి దాకా ఆగితే గడువు దాటిపోతుంది. దసరా సెలవుల నుంచే నోటిఫికేషన్ మీద కన్నేయండి.

అపోహ: తెలుగు మీడియం వాళ్లు పీజీ సైన్స్‌లో నెగ్గుకురాలేరు.

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా క్లాసులో సగం మంది వాళ్లే.

ఒక కుర్రాడు. గొర్రెలు కాసే ఇంటి పిల్లాడు, పదో తరగతి దాకా సెలవు రోజుల్లో మంద వెంటే తిరిగాడు. మొదటి సెమిస్టర్‌లో సెమినార్ అంటే చాలు, ఆ రోజు క్యాంపస్‌కే వచ్చేవాడు కాదు. క్లాసులో ఆఖరి బెంచీ. హెర్బేరియం (ఎండబెట్టి దాచే మొక్కల నమూనాలు) కోసం క్యాంపస్ వెనక గుట్టకు వెళ్లినప్పుడు గానీ వాడేమిటో నాకు తెలియలేదు. మిగతావాళ్లు పుస్తకం తిరగేస్తుంటే వాడు నడుస్తూనే పేర్లు చెప్పుకుపోతున్నాడు. పల్లేరు, తుమ్మి, బిల్లుడు, చండ్ర. ఒకచోట వంగి ఉత్తరేణి కంకి తుంచి నా చీర అంచుకు తగిలించాడు. పట్టుకుని వేలాడింది. ‘చూడండి మేడం, ఈ ముళ్లు కిందికి వంగి ఉంటాయి. అందుకే గొర్రె బొచ్చుకు పడితే ఊడవు. మా దొడ్డి చుట్టూ అంతా ఇదే మొలుస్తుంది’ అన్నాడు.

విత్తన వ్యాప్తి మీద నేను గంటసేపు చెప్పాల్సిన పాఠం అది. ఇంగ్లిషులో అయితే మొక్కకు అకిరాంథస్ ఆస్పెరా, విత్తనాలు జంతువుల ఒంటికి అంటుకుని వ్యాపించడానికి ఎపిజూకోరీ అని రెండు పెద్ద పేర్లు. విషయం వాడి దగ్గర ఉంది, మాటలు మాత్రమే లేవు. ఆ సాయంత్రం వాడు నాకు చెప్పింది తెలుగులోనే రాయమన్నాను. మర్నాడు ఒక్కో వాక్యం పక్కన ఇంగ్లిషు వాక్యం ఇద్దరం కూర్చుని రాశాం. నెలరోజులు ఇలాగే సాగింది. రెండో సెమిస్టర్‌లో వాడు సెమినార్ ఇచ్చాడు, చేతిలో కాగితం వణుకుతూనే ఉంది గానీ ఆపలేదు.

వాస్తవం ఏమిటంటే, సైన్స్ వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తప్పించుకునే దారి లేదు. కాబట్టి ‘భాష అడ్డం కాదు’ అని నేను చెప్పను. అడ్డమే. కానీ ఆరు నెలల అడ్డం, జీవితకాలపు అడ్డం కాదు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులకు డబ్బు పోయకండి. మీ సబ్జెక్టులో రోజుకు ఒక పేజీ తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లిషులో తిరగరాయండి, ఎవరో ఒక మాస్టారి చేత దిద్దించుకోండి. క్లాసులో ఇరవై రెండు మంది ఉన్నచోట దిద్దడానికి మాకు తీరిక ఉంటుంది. చిన్న యూనివర్సిటీలో ఉన్న గొప్ప సదుపాయం అదే.

అపోహ: అంతా కాంట్రాక్టు లెక్చరర్లే, పాఠాలు జరగవు.

నేనూ మొదటి నాలుగేళ్లు అకడమిక్ కన్సల్టెంట్‌నే. ఏటా జూన్ వస్తే రెన్యువల్ ఉంటుందో లేదో అన్న టెన్షన్‌తో, వేసవి జీతం లేకుండా పాఠాలు చెప్పాను. నా తోటివాళ్లూ చెప్పారు. ఇప్పటికీ చెబుతున్నారు. సిలబస్ పూర్తిచేసేది ఎక్కువగా వాళ్లే. కాబట్టి పాఠాలు జరగవన్నది అన్యాయమైన మాట.

ఖాళీల అసలు దెబ్బ వేరేచోట తగులుతుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడ్‌గా ఉండాల్సింది రెగ్యులర్ అధ్యాపకులే. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదు. ఒక డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లే మిగిలారనుకోండి, మొత్తం పదహారు సీట్లు. అవి నిండితే జేఆర్‌ఎఫ్ (నెట్‌లో నెగ్గితే వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకున్న పిల్లకు కూడా సొంత జిల్లాలో చోటుండదు. నెలకు 37,000 ఫెలోషిప్ చేతికి వచ్చి, గైడ్ దొరక్క గడువు దగ్గరపడి ఏడ్చిన అమ్మాయిని నేను చూశాను. ఆందోళన చేయాల్సింది దీని మీద. పోస్టులు భర్తీ చేయమని విద్యార్థులు అడిగేది ఉద్యోగాల గురించి మాత్రమే కాదు, తమ పీహెచ్‌డీ సీట్ల గురించి కూడా.

అపోహ: అటెండెన్స్ ఎలాగైనా మేనేజ్ అవుతుంది.

అవదు. 75 శాతం ఉండాలి. 65 దాకా పడితే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు తక్కువైనా మన్నించి పరీక్షకు అనుమతించడం) అడగవచ్చు, అదీ చాలాచోట్ల పరిమితంగానే. స్కాలర్‌షిప్ కూడా హాజరుతో ముడిపడి ఉంటుంది.

అపోహ: పీజీ సీటు అంటే గ్రూప్స్ ప్రిపేర్ అవడానికి హాస్టల్ గది.

ఇలా చేరేవాళ్లను తిట్టడం సులువు, నేను తిట్టను. ఊళ్లో చదువుకోవడానికి ఒక టేబుల్, ఒక లైటు లేని ఇంటి నుంచి వచ్చినవాడికి హాస్టల్ గది చాలా పెద్ద విషయం. కానీ రెండేళ్లు గ్రూప్స్ పుస్తకాలే చదివి, నోటిఫికేషన్ రాకపోతే చేతిలో సబ్జెక్టూ లేక, ఉద్యోగమూ లేక మిగిలినవాళ్లు నా దగ్గరికి టీసీ కోసం వచ్చినప్పుడు ఏం చెప్పాలో తోచదు. పొద్దుటి నుంచి నాలుగింటి దాకా సబ్జెక్టుకు ఇవ్వండి, రాత్రి మీది. రెండూ చేసి నెగ్గినవాళ్లు ఉన్నారు.

అపోహ: మార్కులు దిద్దేవాళ్ల దయ.

మార్కులు తక్కువ వస్తే ముందు రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గడువు చూడండి. దిద్దిన జవాబుపత్రం చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. 10 రూపాయల దరఖాస్తు. ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో కౌంటర్ దగ్గర బతిమాలుకునే బదులు ఆ కాగితం రాయండి. అలాగే అడ్మిషన్‌లో ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో చెప్పింది. ఉంచుకుంటామంటే ఆ సర్క్యులర్ చూపించండి.

అపోహ: మెస్ బిల్లులో తినేస్తారు.

డివైడింగ్ మెస్ లెక్క నేర్చుకుంటే సగం గొడవలుండవు. నెల ఖర్చు మొత్తాన్ని అందరూ తిన్న రోజులతో భాగిస్తారు. నెలకు 1,80,000 ఖర్చయి, అందరి రోజులూ కలిపి 2,000 అయితే రోజుకు 90 రూపాయలు. మీరు ఇంటికి వెళ్తూ, ఆ రోజులు భోజనం వద్దని మెస్ కట్ రాయకపోతే ఆ రోజులూ మీ లెక్కలోనే. ఫ్రెండును తెచ్చి గెస్ట్ చార్జీ రాయించకపోతే ఆ ముద్ద మిగతా డెబ్బై మంది మీద పడుతుంది. మెస్ కమిటీలో ఒక నెల పనిచేసి చూడండి, స్టోర్ రూమ్ తాళం మీ చేతిలో ఉంటే కందిపప్పు ధర మీకే తెలుస్తుంది.

అపోహ: ఊరికి దూరం, అమ్మాయిలకు కష్టం.

మొన్న అడ్మిషన్లలో ఒక తండ్రి ఫీజు గురించి అడగలేదు, ర్యాంకింగ్ గురించి అడగలేదు. ‘మేడం, ఆఖరి బస్సు ఎన్నింటికి?’ అన్నాడు. అన్ని ప్రశ్నల్లోకీ సరైన ప్రశ్న అది. కొత్త క్యాంపస్‌లకు భూమి దొరికింది ఊరి బయటే. షేర్ ఆటోలు చీకటి పడితే రావు. మా దగ్గర మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఐదుంబావు బస్సు దాటిపోయేవి, డే స్కాలర్ అమ్మాయిలు మైక్రోస్కోప్ దగ్గర నిలబడి గడియారం చూస్తుండేవాళ్లు. స్లైడ్ మీద స్టెయిన్ ఆరకముందే బ్యాగులు సర్దుకునేవాళ్లు. చివరికి డిపార్ట్‌మెంట్ మీటింగులో పోట్లాడి టైమ్‌టేబుల్ తిరగేయించాం. ఇప్పుడు ప్రాక్టికల్స్ ఉదయం తొమ్మిదిన్నరకు, థియరీ మధ్యాహ్నం. ఆ తండ్రికి ఇదే చెప్పాను. హాస్టల్ వార్డెన్ నంబరు, ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522, అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, కూతురు సంతకం చేస్తుంటే పక్కనే నిలబడ్డాడు.