గొంతులో గడ్డంటే పొగాకేనా?

కందుకూరు, ఒంగోలు వైపు పొగాకు పండే ఊళ్లలో ఎవరికైనా గొంతు బొంగురుపోయి నెల దాటితే ముందు అడిగేది ‘చుట్ట తాగుతాడా?’ అనే. ఆ అనుమానం సబబే. గొంతు క్యాన్సర్లలో ఎక్కువ భాగం పొగాకు, మద్యం వల్ల లోపలి పొరలో పుట్టేవి. కానీ ఆ పొర కింద కండ, కొవ్వు, నరాలు ఉన్నాయి. వాటిలోనూ గడ్డలు పుడతాయి, చుట్ట ముట్టనివాళ్లకు కూడా. వాటిలో క్యాన్సరైనవాటిని సార్కోమాలంటారు. స్వరపేటిక క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. అందుకే డాక్టరుకు కూడా వెంటనే తట్టవు.

అసలు గొంతులోకి చూడడమే ఒకప్పుడు కుదిరేది కాదు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దం పెట్టి, ఎండ వెలుగులో తన స్వరతంతువులను తానే చూసుకున్నాడు. 1873 చివర్లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ క్యాన్సర్ పట్టిన స్వరపేటికను మొత్తం తీసేశాడు. అయితే అద్దంలో కనిపించేది పైపొరే.

1926లో మాస్కోలో అబ్రికోసోవ్ అనే పెథాలజిస్ట్ (ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు) ఒక కొత్తరకం గడ్డను వర్ణించి, అది కండరానిదనుకున్నాడు. నరాల తొడుగు కణాలదని తర్వాత తేలింది. ఈ గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ చాలావరకు ప్రాణాంతకం కాదు. చిక్కల్లా దాని మీది పొర మందమై వేళ్లలా కిందికి దిగడంతోనే. పరీక్షకు ముక్క పైపైన తీస్తే ఆ వేళ్లే కనబడి, మామూలు క్యాన్సరని రిపోర్టు రావచ్చు. ఆ గడ్డ ఒక్కటి తీస్తే సరిపోయే మనిషి గొంతే పోగొట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్‌ది దీనికి తిరగబడ్డ కథ. పైన నున్నగా ఉంటుంది, పైపై ముక్కలో ఏమీ దొరకదు. ఎక్స్, 18వ క్రోమోజోముల మధ్య మార్పిడి దీనికి గుర్తని 1980ల్లో తెలిశాక నిర్ధారణ గట్టిపడింది. చుట్టూ మంచి కండతో సహా కోసి తీయాలి. గొంతులో అంత చోటుండదు కాబట్టి తరచూ రేడియేషన్, కొందరికి కీమో కూడా అవసరమవుతాయి.

లోతులో పుట్టిన గడ్డ వెనక నుంచి నెడితే టాన్సిల్ ముందుకు జరుగుతుంది. వాపేననుకుని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడేస్తారు. అక్కడ స్కాన్ లేకుండా ముక్క తీయకూడదు. రక్తనాళాలు నిండిన గడ్డయితే రక్తం ఆగదు.

స్కానూ ఎండోస్కోపీ ఇప్పుడు నెల్లూరు, ఒంగోలులోనే అవుతాయి. అరుదైన స్లైడ్ చదవడానికి మాత్రం అలాంటివి తరచూ చూసిన పెథాలజిస్ట్ కావాలి. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి ప్రారంభించిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, వేలూరు సీఎంసీ ఆస్పత్రికో వెళ్లేవాళ్లు చాలామంది రిపోర్టు కాగితమే పట్టుకుపోతారు. అది చాలదు. ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకునూ స్లైడ్లనూ ల్యాబులో అడిగి తీసుకెళ్తే, చాలాసార్లు మళ్లీ ముక్క తీయకుండానే అక్కడ పరీక్ష చేయగలరు.