ముందు సంతకం, తర్వాత మనసు

ఇద్దరు మగవాళ్లు. రెండు గ్రహాల మధ్య ఒప్పందం నిలబడాలంటే వాళ్లకి పెళ్లి జరగాలి. ఒకరికొకరు ముక్కూమొహం తెలియదు, వద్దనే వీలు ఇద్దరికీ లేదు. సంతకాలు మొదటి అధ్యాయాల్లోనే అయిపోతాయి. మనసులు కలవడానికి మాత్రం పుస్తకమంతా పడుతుంది, దాలి మీద పెట్టిన పాలలాగా. ఇంగ్లీషులో 'స్లో బర్న్' అని పిలిచే ఈ తరహా అంతరిక్ష ప్రేమకథలు ఈ పదేళ్లలో ఎక్కువగా కనిపిస్తున్నాయి గానీ వాటి వెనక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఈ కథల్లో ఒక చిక్కు ఉంది. ఇద్దరు మగవాళ్లను బలవంతంగా పెళ్లికి కూర్చోబెట్టాలంటే, ముందు అలాంటి పెళ్లి ఆ లోకంలో మామూలు విషయమై ఉండాలి. చట్టం గుర్తించని పెళ్లిని ఏ పెద్దలూ కుదర్చరు, ఏ చక్రవర్తీ ఆజ్ఞాపించడు. 1960లలో రచయితల చేతిలో ఆ చట్టం లేదు. అందుకే బలవంతం పెట్టే పనిని వాళ్లు శరీరానికి అప్పగించారు.

1967 సెప్టెంబర్ 15న అమెరికా టీవీలో అంతరిక్ష ఓడ ప్రయాణాల సీరియల్ 'స్టార్ ట్రెక్' రెండో సీజన్ 'అమోక్ టైమ్' భాగంతో మొదలైంది. అందులో ఉన్నది మనకు బాగా తెలిసిన వ్యవహారమే, చిన్నప్పుడే పెద్దలు ఖాయం చేసిన సంబంధం. ఓడలో అధికారిగా పనిచేసే వేరే గ్రహం మనిషి స్పాక్‌కి ఏడేళ్లప్పుడు టిప్రింగ్ అనే అమ్మాయితో మనసులు ముడివేస్తారు. పెళ్లి కన్నా తక్కువ, నిశ్చితార్థం కన్నా ఎక్కువ అంటాడు అతను. పెద్దయ్యాక 'పోన్ ఫార్' అనే, జత కట్టకపోతే ప్రాణం తీసే ఉద్రేకం ఒంటిని పట్టేస్తుంది. సొంత గ్రహానికి చేర్చకపోతే మహా అయితే ఎనిమిది రోజులు బతుకుతాడని డాక్టర్ తేల్చేస్తాడు. తీరా వెళ్తే పెళ్లికూతురు మనసు వేరొకడి మీద ఉంది. స్పాక్‌తో పోరాడడానికి ఆమె అతని ఓడ కెప్టెన్ కర్క్‌నే ఎంచుకుంటుంది. పోరులో కర్క్‌ని తన చేతులతోనే చంపేశానని నమ్మిన స్పాక్, తర్వాత ఓడలో అతను ప్రాణాలతో ఎదురుపడగానే రెండు చేతులూ పట్టుకుని నవ్వేస్తాడు. ఎప్పుడూ నవ్వని మనిషి అలా నవ్వడాన్ని అభిమానులు మర్చిపోలేదు.

ఆ భాగం రాసిన థియొడోర్ స్టర్జన్ 1953లోనే 'ద వరల్డ్ వెల్ లాస్ట్' అనే కథ రాశాడు. వేరే గ్రహం నుంచి పారిపోయి వచ్చిన ప్రేమజంట ఒకే లింగానికి చెందినవారని అందులో తేలుతుంది. వాళ్లను వెనక్కి అప్పజెప్పడానికి బయల్దేరిన ఓడలో ఒక నావికుడు తన కెప్టెన్‌ని లోలోపలే ప్రేమిస్తుంటాడు, ఆ జంటను వదిలేస్తాడు. రెండు రచనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ సాహిత్యానికి కావాల్సిన సరుకంతా ఒక్క రచయిత దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది.

అభిమానులు సొంతంగా అచ్చేసుకునే చిన్న పత్రికల్లో, అంటే ఫ్యాన్‌జైన్లలో, కర్క్ స్పాక్‌ల జంట కథ మొదట అచ్చయింది 1974లో. ఆస్ట్రేలియాకు చెందిన డయాన్ మర్చంట్ 'గ్రప్' మూడో సంచికలో రాసిన ఆ చిన్న కథలో ఇద్దరి పేర్లూ ఉండవు. తర్వాత ఇద్దరి పేర్ల మధ్య ఏటవాలు గీత పెట్టి కథ ఎవరిదో సూచించడం అలవాటైంది. 'స్లాష్' అనే పేరు ఆ గీత నుంచే వచ్చింది.

ఈ కథల్లో తరచూ వాడిన అమరిక చాలా సులువు. ఇద్దరూ ఒక నిర్జన గ్రహం మీద చిక్కుకుంటారు, ఓడ సమయానికి రాదు, స్పాక్‌కి ఉద్రేకం మొదలవుతుంది, ప్రాణం నిలవాలంటే మనసులు ముడిపడాలి. అయితే ఈ యంత్రంలో రెండు లోపాలున్నాయి. గడువు ఎనిమిది రోజులే కాబట్టి నెమ్మదిగా రాజుకోవడానికి వ్యవధి చాలదు. పైగా చావు ముంచుకొస్తుంటే ఒప్పుకున్న మాటని ఇష్టం అనలేం. తెలివైన రచయితలు వరస మార్చారు. ముడి ముందే పొరపాటున పడిపోతుంది, విప్పడం కుదరదు, ఇక దానితో ఇద్దరూ ఎలా బతుకుతారన్నదే కథ. పెళ్లి ముందు, ప్రేమ తర్వాత అన్న పద్ధతి అక్కడ పూర్తిగా కుదిరింది, పెళ్లి అన్న మాట వాడకుండానే.

నెమ్మదిగా రాజుకోవడానికి నమూనా వేరే చోట నుంచి వచ్చింది. అర్సులా లె గ్విన్ 1969 నవల 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో భూమి నుంచి వచ్చిన రాయబారి గెన్లీ ఐ, ఆ మంచుగ్రహానికి చెందిన ఎస్ట్రావెన్ రెండు నెలలకు పైగా హిమపీఠం మీద బండి లాగుతూ ఒకే గుడారంలో పడుకుంటారు. ఎస్ట్రావెన్ జాతి వారికి స్థిరమైన లింగం లేదు, కాబట్టి ఇది అచ్చంగా ఇద్దరు మగవాళ్ల కథ కాదు. శారీరకంగా ఏమీ జరగదు కూడా. అయినా అనుమానం ఒక్కో రోజూ కాస్త కరిగి నమ్మకంగా మారే తీరు, రేషన్ లెక్కలు, స్టవ్ వెలుతురు, చలి ఇవన్నీ తర్వాతి తరం అరువు తెచ్చుకుంది. మంచులో చిక్కుకున్న జంట, ఒకటే గుడారం అన్న ఘట్టం ఈ కథల్లో ఇంకా వస్తూనే ఉంది.

1986లో లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ 'ఈథన్ ఆఫ్ ఏథోస్'లో కేవలం మగవాళ్లే ఉండే గ్రహాన్ని సృష్టించింది. పిల్లలు కృత్రిమ గర్భాశయాల్లో పుడతారు. తండ్రి కావాలంటే సమాజసేవతో పాయింట్లు కూడబెట్టాలి. అది పెళ్లి కథ కాదు గానీ, మగ జంట అనేది రిజిస్టర్లలో ఒక మామూలు నమోదుగా కనిపించడం మాత్రం పెద్ద మార్పే.

ఆ తర్వాత ఇంటర్నెట్. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ వందలాది ఖాతాలను ఒక్కసారిగా తొలగించడంతో, అభిమానులుగా కథలు రాసేవాళ్లలో సొంత ఇల్లు ఉండాలన్న కోరిక బలపడింది. 2009 నవంబర్‌లో వాళ్ల కథల సైట్ 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' తెరుచుకుంది. అక్కడ ప్రతి కథకూ ట్యాగులుంటాయి. 'పెద్దలు కుదిర్చిన పెళ్లి', 'స్లో బర్న్' అని పాఠకులే వెతుక్కుంటారు. వారం వారం ఒక అధ్యాయం పెట్టే పద్ధతి కథ నడకనూ మార్చింది. ప్రతి అధ్యాయంలోనూ పాఠకుడికి ఏదో ఒక చిన్న లాభం దక్కాలి. ఒక చూపో, చేతిలోంచి అందుకున్న కప్పో, మొదటిసారి బిరుదు లేకుండా పిలిచిన పేరో చాలు. ఈలోగా బయట చట్టాలు మారాయి. 2001లో నెదర్లాండ్స్, 2015లో అమెరికా అంతటా స్వలింగ వివాహం చట్టబద్ధమైంది. రచయితలకు ఇప్పుడు కాగితం దొరికింది, ఇక ఉద్రేకంతో పని లేదు.

ఆ కాగితం ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఎవరినా మాక్స్‌వెల్ 'వింటర్స్ ఆర్బిట్' చూడాలి. అది ఆ ఆర్కైవ్‌లోనే 'ద కోర్స్ ఆఫ్ ఆనర్' పేరుతో వచ్చి, తిరగరాసిన రూపంలో 2021 ఫిబ్రవరిలో టోర్ ప్రచురణగా వెలువడింది. ఇస్కాట్ సామ్రాజ్యపు చిన్న రాకుమారుడు కీమ్‌కి, థియా గ్రహ ప్రతినిధి జైనన్‌తో హడావుడిగా పెళ్లి చేస్తారు. జైనన్ మొదటి భర్త టామ్ కొద్దికాలం కిందే పోయాడు. టామ్ పోవడంతో గ్రహాల ఒప్పందానికి సాక్ష్యంగా నిలిచే జంట లేదు, ఆ ఒప్పందం లేకపోతే మొత్తం సామ్రాజ్యానికే రక్షణ లేదు. విడాకులకు దారి ఎందుకు లేదో దీంతో తేలిపోతుంది. కథనం ఇద్దరి వైపు నుంచీ నడుస్తుంది. జైనన్ ఇంకా దుఃఖంలో ఉన్నాడని కీమ్ దూరం జరుగుతాడు. తను భారమనే కీమ్ దూరం జరుగుతున్నాడని జైనన్ అనుకుంటాడు. మొదటి కాపురంలో అతను పడిన హింస మెల్లగా బయటపడేకొద్దీ, ఈ మౌనానికి అసలు కారణం తెలుస్తుంది.

ఈ రకం కథలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. ఇద్దరూ ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాన్ని నాలుగు వందల పేజీలు లాగితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. మాట్లాడకపోవడానికి భయమో, హోదాలో తేడానో, గతమో బలమైన కారణమై ఉండాలి. రెండో తప్పు, ఒప్పందాన్ని మొదటి అధ్యాయంలో వాడుకుని తర్వాత మర్చిపోవడం. పెళ్లి చెడితే ఏ ఓడరేవు మూతపడుతుందో, ఎవరి పదవి పోతుందో తెలియనప్పుడు ఆ గ్రహాలు కేవలం తెర మీద బొమ్మలు. మూడోది అన్నిటికన్నా సున్నితం: పెళ్లికి ఒప్పుకోవడం, పక్క పంచుకోవడానికి ఒప్పుకోవడం వేర్వేరు. మంచి కథల్లో మొదటిరాత్రి గదిలోనే ఈ విషయం తేలిపోతుంది. ఒకరు సోఫా మీద పడుకుంటారు.

చైనాలో ఇదే సరుకు వేరే దారిలో తయారైంది. 2003లో మొదలైన జిన్‌జియాంగ్ అనే వెబ్ నవలల సైట్‌లో మగ జంటల కథలను 'దాన్మెయ్' అంటారు, 'ముందు పెళ్లి, తర్వాత ప్రేమ' అన్నది అక్కడ స్థిరపడిన వర్గం. అంతరిక్ష కథల్లో రాజ్య కంప్యూటరే జన్యువుల పొంతన శాతం లెక్కగట్టి జంటను ఖాయం చేస్తుంది. ముప్పై ఆరు గుణాల్లో పద్దెనిమిది కలిశాయా అని అడిగే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. 2014 తర్వాత సెన్సార్ బిగిసి, మెడ కిందిది ఏదీ వర్ణించకూడదన్న నియమం రావడంతో నెమ్మదిగా రాజుకోవడం అక్కడ శైలి మాత్రమే కాదు, అవసరం కూడా అయింది.

మన దగ్గర పెద్దలు కుదిర్చిన పెళ్లిలో మెల్లగా పుట్టే ప్రేమను తెలుగు నవలలూ సినిమాలూ ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు. కాబట్టి అపరిచితుడితో ఒకే గదిలో మొదటి వారం ఎలా ఉంటుందో ఇక్కడి పాఠకుడికి వివరించనక్కర్లేదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ పరిధి నుంచి వయోజనుల పరస్పర అంగీకార స్వలింగ సంబంధాలను తప్పించింది, 2023 అక్టోబర్ 17న మాత్రం స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. అంటే ఈ నవలల్లో మనకు ఇంకా కల్పనగా మిగిలింది రిజిస్ట్రార్ ఆఫీసు.

మాక్స్‌వెల్ 2022లో అదే విశ్వంలో 'ఓషన్స్ ఎకో' రాసింది. అందులో పెళ్లి లేదు. సైన్యం ఇద్దరు మగవాళ్ల మనసులను శాశ్వతంగా ముడివేయమని ఆజ్ఞాపిస్తుంది, అంటే మళ్లీ స్పాక్ దగ్గరికే వచ్చాం. అయితే ఆ ఇద్దరిలో ముడి వేయాల్సిన సురిత్, అది చట్టవిరుద్ధమైన ఆజ్ఞ అని పాటించడు. ఇద్దరూ కలిసి ముడిపడినట్టు నటిస్తారు.