రొయ్యల చెరువు లెక్క, అయొనైజర్ లెక్క

రాజోలు దగ్గర ఆరెకరాల్లో రొయ్యలు పెంచుతున్న నా పాత విద్యార్థి ఒకడు, కిందటి వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఫోను చేసి, "మాస్టారూ, ఇంటికి అయొనైజర్, అదే తాగే నీటిని కరెంటుతో క్షార నీరుగా మార్చే యంత్రం, పెట్టించమని మా బావ పట్టుబడుతున్నాడు. రెండు రకాలు చూపించారు. ఒకటి లోపల అయిదు రేకులున్నది, లక్షన్నర. రెండోది పదకొండు రేకులది, మూడు లక్షల పైమాటే. రేకులు ఎక్కువైతే నీరు మరింత మంచిదంటున్నారు. ఏది మంచిదో మీరొకసారి వచ్చి చూసి చెప్పండి" అని అడిగాడు. నేను వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద యంత్రం సిద్ధంగా ఉంది. అమ్మకందారు గాజు గ్లాసులో టిన్ను నీళ్ళు పోసి సూచిక ద్రవం నాలుగు చుక్కలు వేస్తే అవి పసుపు రంగుకు తిరిగాయి. అవే టిన్ను నీళ్ళను చిన్న మోటారుతో యంత్రం గుండా పంపి, మళ్ళీ నాలుగు చుక్కలు వేస్తే గ్లాసు ముదురు నీలంగా మారింది. పసుపు ఆమ్లమనీ, నీలం క్షారమనీ, ఆమ్లం ఒంట్లో చేరితే సర్వరోగాలూ వస్తాయనీ ఆయన చెప్పుకుపోతుంటే ఇంటిల్లిపాదీ శ్రద్ధగా వింటున్నారు.

నేను నా విద్యార్థిని చెరువు రికార్డు పుస్తకం తెమ్మన్నాను. తెల్లవారుజామున పీహెచ్ 7.8, మధ్యాహ్నం మూడింటికి 8.5, ఆల్కలినిటీ 140 (కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు మిల్లీగ్రాములు) అని అతని చేతిరాతలోనే ఉంది. పీహెచ్ ఒక గడిలో, ఆల్కలినిటీ వేరే గడిలో. చెరువు గట్టు మీద ఈ రెండూ వేర్వేరు సంగతులని అతనికి తెలుసు. వంటింట్లో నీలం రంగు చూసేసరికి ఆ రెండూ ఒకటైపోయాయి. ఇందులో అతని తప్పు కన్నా మా ఉపాధ్యాయుల తప్పే ఎక్కువ. రెంటికీ తెలుగులో "క్షార" అన్న మాటనే వాడుతూ, ఏడు కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని పిల్లల చేత వల్లె వేయించి ఊరుకుంటాం.

పీహెచ్ అనే కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. నీటిలో ఆ క్షణాన స్వేచ్ఛగా ఉన్న హైడ్రోజన్ అయాన్ల గాఢతను అది చెబుతుంది. ఆల్కలినిటీ చెప్పేది వేరు. పైనుంచి ఆమ్లం వచ్చి పడితే ఆ నీరు ఎంత ఆమ్లాన్ని దిగమింగగలదో అది చెబుతుంది. మన నీళ్ళలో ఆ పని చేసేది ప్రధానంగా బైకార్బొనేట్. చెరువులో పగటిపూట ప్లాంక్టన్ అనే సూక్ష్మమైన నాచు ఎండకు కార్బన్ డయాక్సైడును పీల్చేసుకుంటే పీహెచ్ పైకి లేస్తుంది, రాత్రి చెరువులోని ప్రాణులన్నీ శ్వాసిస్తూ అదే వాయువును వదిలితే కిందికి దిగుతుంది. ఆల్కలినిటీ 140 ఉన్న చెరువులో ఈ ఊగిసలాట కొద్దిగానే ఉంటుంది. అదే 40 ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటిపోవచ్చు. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 9.25 కు చేరేసరికి నీటిలోని అమ్మోనియాలో సగం రొయ్యకు విషమైన వాయురూపంలో ఉంటుంది కనుకనే రైతు డోలమైటూ వంటసోడా చల్లి ఆల్కలినిటీని కాపాడుకుంటాడు. ఎక్కువ పీహెచ్ చూసి మురిసిపోయే రొయ్యల రైతు డెల్టాలో ఒక్కడూ ఉండడు.

ఇప్పుడు వంటింటి లెక్కకు వద్దాం. పీహెచ్ 9.5 ఉన్న శుద్ధమైన నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లు లీటరుకు సుమారు 0.03 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి (ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకదానికొకటి సరితూగేలా లెక్కించే కొలత ఇది). ఆల్కలినిటీ 100 ఉన్న కాలువ నీరు, పీహెచ్ 7.8 దగ్గరే ఉన్నా, లీటరుకు 2 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లాన్ని తటస్థం చేయగలదు. అంటే నీలంగా మెరిసే ఆ నీటికన్నా మామూలు కుళాయి నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి అరవై రెట్లకు పైగా ఎక్కువ. ఆర్‌వో ప్లాంటులో బైకార్బొనేట్ చాలా భాగం పోయిన టిన్ను నీళ్ళకు అడ్డుకునే బలం లేదు గనుక అవి కొద్దిపాటి కరెంటుకే పీహెచ్ 9 దాటిపోతాయి, కొద్దిపాటి ఆమ్లానికే మళ్ళీ పడిపోతాయి.

ఇది మాటలతో చెప్పేకన్నా చూపించడం మేలనిపించి ఒక నిమ్మకాయ కోయించాను. యంత్రం నుంచి వచ్చిన నీలం గ్లాసులో ఒక చుక్క వేయగానే నీలం వెలిసి ఆకుపచ్చకు దిగింది, రెండో చుక్కకు పసుపైంది. పక్క గ్లాసులో పంచాయతీ కుళాయి నీరు పోసి సూచిక వేస్తే మొదట ఆకుపచ్చగా ఉంది. అందులో ఏడు చుక్కలు పడేదాకా పసుపు పూర్తిగా రాలేదు. నా విద్యార్థి రెండు గ్లాసుల వంకా మార్చి మార్చి చూసి, "మాస్టారూ, ఈ యంత్రం నీరు సున్నం వెయ్యని చెరువు లాంటిదన్నమాట" అన్నాడు. అంతకన్నా చక్కగా నేనూ చెప్పలేను.

యంత్రం లోపల జరిగేది విద్యుద్విశ్లేషణ. ప్లాటినం పూత పూసిన టైటానియం రేకుల మధ్య పలుచని పొర ఉంటుంది. రుణధ్రువం దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువునూ హైడ్రాక్సైడ్ అయాన్లనూ ఇస్తుంది, ధనధ్రువం దగ్గర ఆక్సిజనూ హైడ్రోజన్ అయాన్లూ వస్తాయి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు పొర దాటి రుణధ్రువం వైపుకు, క్లోరైడు, సల్ఫేటు వంటివి ధనధ్రువం వైపుకు జరుగుతాయి. తాగడానికిచ్చేది రుణధ్రువం వైపు నీరు. కరెంటు 10 ఆంపియర్లనుకుంటే నిమిషానికి 600 కూలుంబులు ప్రవహిస్తాయి. ఫారడే స్థిరాంకమైన 96,485తో భాగిస్తే 6.2 మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి. నిమిషానికి రెండు లీటర్లు ప్రవహిస్తే లీటరుకు దక్కే హైడ్రాక్సైడ్ గరిష్ఠంగా 3.1 మిల్లీ ఈక్వివలెంట్లు. రేకులు అయిదున్నా పదకొండున్నా, అవే ఆంపియర్లు అవే లీటర్లలోకి వెళితే ఈ లెక్క మారదు. ఎక్కువ వైశాల్యం వల్ల కరెంటు పలుచగా పరచుకుని రేకులు ఎక్కువ కాలం మన్నవచ్చు, అంతవరకు నిజమే. పీహెచ్ పెంచడానికైతే ధార సన్నం చేస్తే చాలు. ఆ పని లక్షన్నర యంత్రమూ చేస్తుంది. అందువల్ల రెండు యంత్రాలను పోల్చాలంటే ఒకే నీటితో, ఒకే ధారతో, ఆల్కలినిటీ కొలిచి పోల్చాలి. రంగు చూసి పోల్చడం కుదరదు.

అమ్మకందారు రెండో ఆకర్షణగా చూపింది నీటిలో కరిగే హైడ్రోజన్. దీని మీద నిజమైన పరిశోధన ఉంది. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు హైడ్రోజన్ వాయువు కొన్ని హానికర ఆక్సిజన్ రూపాలను అణచగలదని కణాల్లోనూ ఎలుకల్లోనూ చూపించారు. ఆ తరువాత మనుషుల మీద జరిగినవి ఎక్కువగా చిన్న ప్రయోగాలే గనుక వాటిని చూపి మధుమేహం తగ్గుతుందనీ కాన్సర్ రాదనీ అమ్మడం అన్యాయం. పైగా హైడ్రోజన్ ఎంత పుడుతుందన్నది పారే కరెంటును బట్టి ఉంటుంది. ఆర్‌వో నీటిలో కరెంటును మోసే అయాన్లే తక్కువ గనుక టిన్ను నీళ్ళు పోసిన యంత్రం పీహెచ్‌ను మాత్రం లేపి, హైడ్రోజన్‌ను బాగా తక్కువగా ఇస్తుంది. పుట్టిన కాస్తా బిందెలో నిలవ ఉంచితే గాలిలోకి పోతుంది.

ఒంట్లో ఆమ్లం చేరుతుందన్న నమ్మకం గురించి ఒక మాట చెప్పాలి. రక్తపు పీహెచ్‌ను ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ 7.35కూ 7.45కూ మధ్య పట్టి ఉంచుతాయి. గ్లాసుడు నీళ్ళు దాన్ని మార్చలేవు. కడుపులో మంటకు వాడే 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ బిళ్ళ 10 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లాన్ని మింగుతుంది. అంత పని కావాలంటే యంత్రం నీటిని, లీటరుకు 3 చొప్పున, లీటరుకు అయిదు గ్లాసుల లెక్కన పదహారు గ్లాసులకు పైగా తాగాలి. జపాన్‌లో ఈ యంత్రాలకు గృహ వైద్య పరికరాలుగా అనుమతి ఉన్నా, అది జీర్ణ సంబంధమైన చిన్న బాధల వరకే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 పీహెచ్‌కు 6.5 నుంచి 8.5 వరకే హద్దు పెట్టింది. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ఈ నీరు ముట్టకూడదు.

నా బాధంతా ఈ డెల్టాలో అసలు ప్రశ్నలు రెండూ మరుగున పడుతున్నాయని. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచీ మనం తాగుతున్నది గోదావరి నీరు. అయితే సముద్రానికి దగ్గరైన కొద్దీ బోరు ఉప్పగా ఉంటుంది, కాలువ ఒడ్డున ఊళ్ళు పెరిగిన కొద్దీ నీటిలో మలినం చేరుతుంది. మొదటి ప్రశ్న ఉప్పు, రెండోది క్రిములు. అయొనైజర్ ఉప్పును తీసివేయదు. ఉప్పు బోరుకు తగిలిస్తే సోడియం తాగే వైపుకే జరుగుతుంది గనుక రక్తపోటు ఉన్న ఇంటికి అది మరింత చేటు. ఉప్పుకు ఆర్‌వో ఒక్కటే ఇంట్లో అందుబాటులో ఉన్న మార్గం. క్రిముల విషయంలో ప్రమాణం చాలా గట్టిది. వంద మిల్లీలీటర్లలో మలినంతో చేరే ఇ.కోలై అనే క్రిమి ఒక్కటి కూడా కనబడరాదు, కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. యంత్రానికి ముందున్న బొగ్గు ఫిల్టరు సరిగ్గా ఆ క్లోరిన్‌నే పీల్చేస్తుంది.

అందుకే బయలుదేరే ముందు, పంచాయతీ వాళ్ళు వాడే క్లోరిన్ పరీక్ష గొట్టం తెప్పించాను. వేసవికి తాగునీరు నిలవ చేసే ఊరి చెరువు నుంచి ట్యాంకుకెక్కి వచ్చిన కుళాయి నీటిలో మందు చుక్కలు వేస్తే లేత పసుపు వచ్చింది. మోటారును కుళాయికి మార్చి, అదే నీటిని యంత్రం గుండా పట్టి చూస్తే గొట్టం తెల్లగానే ఉండిపోయింది. నా విద్యార్థి ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. మర్నాడు చెరువు నీటి సీసాతో పాటు కుళాయి నీటి సీసా, టిన్ను నీటి సీసా కూడా ల్యాబుకు పంపి, మూడింటికీ ఆల్కలినిటీ, తాగే రెంటికీ క్లోరైడూ ఇ.కోలై కూడా చూడమని రాయించాడు.