అరుంధతి, 4కె టీవీ, మన కంటి హద్దు

55 అంగుళాల 4కె టీవీ కొన్నా పాత ఫుల్ హెచ్‌డీకీ దీనికీ తేడా తెలియడం లేదు, నా చూపు తగ్గిందా అని ఒక పాఠకుడు అడిగారు. దీనికి జవాబు ఆకాశంలో ఉంది.

పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతికీ పక్కనున్న వశిష్ఠుడికీ మధ్య ఎడం 12 కోణీయ నిమిషాలు. డిగ్రీలో 60వ వంతు ఒక కోణీయ నిమిషం. ఆరోగ్యంగా ఉన్న కన్ను విడదీసి చూడగలిగే కనీస కోణం దాదాపు అంతే. అంటే అరుంధతి మన హద్దుకు 12 రెట్లు ఎడంగా ఉంది. అది కనపడకపోతే ఆయుష్షు తీరినట్టేనన్న నమ్మకం ఇప్పటికీ కొందరిని భయపెడుతోంది. భయమెందుకు? అది మసక చుక్క, ఊళ్లో దీపాల వెలుగుకే మరుగున పడిపోతుంది. కళ్లద్దాలు మార్చాల్సి వచ్చిందేమో కూడా చూసుకోవాలి. ఇంతకీ వశిష్ఠుడు ఒక్కడు కాడు! టెలిస్కోపులో రెండుగా కనిపిస్తాడు. ఆ రెండింటి ఎడం 14 కోణీయ సెకన్లే, నిమిషంలో పావు వంతు కూడా లేదు. అందుకే ఆ రెండూ ఉత్త కంటికి విడివిడిగా కనపడవు.

హద్దు ఒక నిమిషం దగ్గరే ఎందుకు? 3 మి.మీ. కంటిపాపలోంచి వచ్చిన కాంతి వివర్తనం (సన్నని రంధ్రం దాటేటప్పుడు కాంతి విచ్చుకోవడం) వల్ల బిందువుగా కాక చిన్న పళ్లెంలా పరుచుకుంటుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యాన్ని 1.22తో హెచ్చించి కంటిపాప వ్యాసంతో భాగించి, వచ్చిన కోణాన్ని నిమిషాల్లోకి మారిస్తే 0.77 వస్తుంది. అంతకన్నా దగ్గరున్న బిందువుల పళ్లేలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రెటీనా నడిమధ్యలో వెలుగును పట్టే శంకు కణాల ఎడం సుమారు 2.5 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). రెండు బిందువులు రెండుగా తెలియాలంటే వెలుగు పడ్డ రెండు కణాల మధ్య వెలుగు తగ్గిన కణం ఒకటుండాలి. అంటే 5 మైక్రాన్లు, కోణంలో ఒక నిమిషం! కంటి కటకం ఎక్కడ ఆగిందో రెటీనా కూడా అక్కడే ఆగింది. కణాలను ఇంకా సన్నగా పేర్చినా ఒరిగేది తక్కువే. ఎంత చక్కని పొందిక! మన బడుల్లో కటకాలు భౌతికశాస్త్రంలోకి, రెటీనా జీవశాస్త్రంలోకి పోయి పిల్లలకు ఇది తెలియకుండానే చదువు అయిపోతోంది.

ఇక టీవీ. 55 అంగుళాల తెర వెడల్పు 122 సెం.మీ., అందులో ఫుల్ హెచ్‌డీకి 1920 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. ఒక్కోటి 0.63 మి.మీ. అది ఒక నిమిషం కోణానికి తగ్గేది 2.2 మీటర్ల దూరంలో, అంటే ఏడడుగుల పైచిలుకు. సోఫా అంతకన్నా వెనక ఉంటే, 4కెలో చేసినట్టు పిక్సెల్‌ను నాలుగు ముక్కలు చేసినా కంటికి పెద్దగా తేడా తెలియదు. అడిగిన పాఠకుడి చూపు మీద అనుమానం పడక్కర్లేదు, కుర్చీ ముందుకు జరిపి చూస్తే సరి.

ఒక్క మినహాయింపు ఉంది. ఎదురెదురుగా ఉన్న రెండు గీతల్లో ఒకటి 10 సెకన్ల కోణం పక్కకు జరిగినా కన్ను పసిగడుతుంది, ఎందుకంటే అక్కడ మెదడు చాలా కణాల సమాచారాన్ని కలిపి లెక్కేస్తుంది. ఇంటర్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ రీడింగు తీయగలుగుతున్నది ఈ శక్తితోనే. టీవీ తెర మీద ఏటవాలు గీతల అంచుల్లో మెట్లు ఏడడుగుల అవతల నుంచి కూడా ఒక్కోసారి కనపడేది ఇందుకే.