పాల గ్రంథి, క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్టును. రొమ్ములోంచి తీసిన ముక్క చివరికి చేరేది మా మైక్రోస్కోప్ కిందికే. రిపోర్టు కోసం వచ్చినవాళ్ళు ఎన్ని అడిగినా, చివరికి “నా వల్లే వచ్చిందా?” అన్న దగ్గర ఆగుతారు. అందుకే రొమ్ములోని ఈ పాల గ్రంథి ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

అపోహ: పాలు గడ్డకట్టో, దెబ్బ తగిలో క్యాన్సర్ అవుతుంది.

పాలు నిలిచిపోతే వాపు వస్తుంది, చీము పడుతుంది, ఒక్కోసారి పాలతో నిండిన తిత్తి ఏర్పడుతుంది. అవేవీ క్యాన్సర్‌గా మారవు. దెబ్బ తగిలిన చోట కొవ్వు దెబ్బతిని గట్టిపడొచ్చు, అదీ క్యాన్సర్ కాదు. చాలాసార్లు జరిగేదేమిటంటే, నొప్పి పుట్టిందని తడిమి చూసుకున్నప్పుడు అంతకుముందే ఉన్న గడ్డ చేతికి తగులుతుంది.

క్యాన్సర్ పుట్టేది పాలలో కాదు, పాలు తయారుచేసి మోసుకొచ్చే కణాల్లో. రొమ్ములో 15 నుంచి 20 దాకా భాగాలుంటాయి. ఒక్కో దానిలో పాలనాళం కొమ్మలుగా చీలి, చివర ద్రాక్షగుత్తుల్లాంటి బుల్లి సంచుల దగ్గర ముగుస్తుంది. ఎక్కువ క్యాన్సర్లు మొదలయ్యేది ఈ చివర్లలోనే.

స్లైడ్ మీద ఆ నాళం గోడలో రెండు వరసల కణాలు కనిపిస్తాయి. లోపలి వరస నాళానికి అస్తరు. బయటి వరస కండరంలా ముడుచుకునేది: బిడ్డ చప్పరించగానే ఆక్సిటోసిన్ హార్మోన్ విడుదలై ఈ వరస బిగుసుకుంటుంది, పాలు ముందుకు వస్తాయి. లోపల కణాలు క్యాన్సర్‌గా మారినా, నాళంలోనే ఉన్నంతకాలం చుట్టూ ఈ బయటి వరస నిలిచి ఉంటుంది. ప్రత్యేకమైన రంగు వేస్తే అది గోధుమ గీతలా తేలుతుంది. ఆ గీత ఉంటే డీసీఐఎస్ అంటాం, అంటే జబ్బు ఇంకా నాళం దాటలేదు. గీత మాయమై, కణాలు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతే అది ఇన్వేసివ్ క్యాన్సర్. వైద్యం, ముందుముందు ఏమవుతుందన్న అంచనా, రెండూ ఆ గీతను బట్టి మారిపోతాయి. నా పనిలో అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సింది అక్కడే.

అపోహ: పిల్లల్ని కని పాలిచ్చినవాళ్ళకు రాదు.

ముప్పు తగ్గుతుందన్నది నిజమే. సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని ఇటలీ వైద్యుడు రమజ్జీని 18వ శతాబ్దం మొదట్లోనే రాశారు. 2002లో 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి చూస్తే, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ముప్పు సుమారు 4.3 శాతం, ప్రతి కాన్పుకు మరో 7 శాతం తగ్గినట్టు తేలింది. తగ్గుతుందే కానీ సున్నా కాదు.

పాల గ్రంథి పుట్టుకతోనే పూర్తయ్యే అవయవం కాదు. యుక్తవయసులో నాళాలు పెరుగుతాయి, నెలనెలా కణాలు కాస్త పెరిగి తగ్గుతాయి, నిండు గర్భంతో పాలిచ్చే కణాలుగా ముదురుతాయి, బిడ్డ పాలు మానాక చాలా భాగం కరిగిపోతుంది. కణం చీలిన ప్రతిసారీ డీఎన్ఏలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. ముదిరిన కణాలు చీలేది తక్కువ, అందుకే చిన్న వయసులో తొలి కాన్పు దీర్ఘకాలంలో రక్షణ ఇస్తుంది. తొలి కాన్పు 35 దాటాక అయితే ఆ లాభం దాదాపు కనిపించదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: కాన్పు తర్వాత కొన్నేళ్ళపాటు ముప్పు తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది. అందుకే బాలింతకు గడ్డ కనిపిస్తే “పాలగడ్డేలే” అని నెలలు గడపనివ్వకండి. రెండు వారాల్లో తగ్గకపోతే స్కాన్ చేయించాలి.

పాలివ్వలేకపోయిన తల్లికి క్యాన్సర్ వస్తే, “పాలిస్తే వచ్చేది కాదు” అనేవాళ్ళుంటారు. దయచేసి అనకండి. ఒక మనిషి విషయంలో అలా చెప్పడానికి ఏ లెక్కా ఒప్పుకోదు.

అపోహ: నెలసరి ఆగిపోయాక హార్మోన్లుండవు, ఇక భయం లేదు.

వయసుతోపాటు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఆగినా, కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా, అంటే చాలా రొమ్ము క్యాన్సర్లు పెరగడానికి తోడ్పడే స్త్రీ హార్మోన్‌గా మారుస్తూనే ఉంటుంది. మెనోపాజ్ తర్వాత అధిక బరువు ముప్పు పెంచడానికి ఇదొక కారణం. 1896లో, ఈస్ట్రోజెన్ అనేది ఒకటుందని కూడా తెలియని రోజుల్లో, గ్లాస్గోకు చెందిన సర్జన్ జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పట్టినట్టు ప్రకటించారు. ఈరోజు రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 70 శాతం వాటిలో ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఆ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్ కనిపిస్తుంది. ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు ఆ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు రాసేది ఇలాంటి క్యాన్సర్ ఉన్నవాళ్ళకే. బాగానే ఉంది కదా అని మధ్యలో మానేయకండి.

అపోహ: రొమ్ము చిన్నదైతే రాదు, మగవాళ్ళకు రాదు, మా వంశంలో లేదు.

సైజును ఎక్కువగా తేల్చేది కొవ్వు. గ్రంథి కణాలు అందరికీ ఉంటాయి, మగవాళ్ళకూ కొన్ని నాళాలుంటాయి. మొత్తం కేసుల్లో ఒక శాతం దాకా వాళ్ళవే. వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల వల్ల కలిగేవి 5 నుంచి 10 శాతమే, కాబట్టి ఇంట్లో ఎవరికీ లేకపోవడం ధీమా కాదు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ అనే జన్యువులోని లోపం తండ్రి నుంచి కూడా కూతురికి వస్తుంది. అందుకని మేనత్తల సంగతీ డాక్టరుకు చెప్పండి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదు.

క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఈ ఒక్క నమ్మకం వల్ల ఆలస్యంగా వచ్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: సూది పెడితే క్యాన్సర్ పాకుతుంది.

సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ వల్ల జబ్బు ఒళ్ళంతా పాకదు. బయాప్సీ లేకపోతే అది ఏ రకమో చెప్పలేం. సూదికి వచ్చే సన్నని ముక్క మీదే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ (మరో స్త్రీ హార్మోన్) రిసెప్టర్లు, హెర్2 (కణాల పెరుగుదలను పెంచే ఒక ప్రొటీన్) పరీక్షలు చేస్తాం. హెర్2 ఎక్కువగా ఉన్న క్యాన్సర్ ఒకప్పుడు వేగంగా ముదిరేదని పేరు. 1998లో హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు అనుమతి పొందాక దాని కథే మారింది. అది ఎవరికి పనికొస్తుందో ఆ ముక్కే చెబుతుంది. మీ రిపోర్టులో ఈ మూడింటి ఫలితాలూ ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే అడగండి.