గాలి లోపలికి రావడం సరే, పోయే దారేది? ఇంటి గోడల గురించి అపోహలు - వాస్తవాలు

కోస్తా జిల్లాల్లో ఇళ్లకు ప్లాన్లు గీయడం నా పని. వాస్తు గురించి అందరూ అడుగుతారు. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందని అడిగేవాళ్లు తక్కువ. గోడలు లేచాక అడిగితే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

అపోహ: కిటికీ పెద్దదైతే గాలి బాగా వస్తుంది.

వాస్తవం: బయటికి దారి లేని గదిలోకి గాలి సరిగా రాదు. ఒకే గోడకు ఆరడుగుల కిటికీ కన్నా, రెండు గోడలకు మూడేసి అడుగుల కిటికీలు మేలు. మూల గదికి ఎలాగూ రెండు బయటి గోడలుంటాయి కదా అనుకుంటాం. కానీ అటాచ్డ్ బాత్రూమ్‌ను తీసుకెళ్లి సరిగ్గా ఆ మూలలోనే పెడతారు. మిగిలిన బయటి గోడకు వార్డ్‌రోబ్ వస్తుంది. ఇక గాలికి చోటెక్కడ? పక్కపక్కన రెండు బెడ్‌రూములుంటే వాటి మధ్యలో, బయటి గోడ వైపు, రెండు బాత్రూములనూ వీపులు ఆనించినట్టు పెట్టమంటాను. రెండు గదులకూ మూలలు మిగులుతాయి, పైపులూ ఒకే చోట దిగుతాయి. ఒక్కటే బయటి గోడ ఉన్న గదికైతే గుమ్మం పైన వెంటిలేటర్ తప్పనిసరి.

అపోహ: నాలుగు బై నాలుగు కిటికీ ఒకటి ఉంటే చాలు.

వాస్తవం: ఉక్కపోత ఉండే ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. పొడి వేడి ప్రాంతాలకు పదో వంతు. పది బై పన్నెండు గదికి ఆరో వంతంటే 20 చదరపు అడుగులు. మీ కిటికీ 16. అదీ రెండు తలుపుల స్లైడింగ్ అయితే తెరుచుకునేది సగమే. దోమల మెష్ వేస్తే గాలి ఇంకా తగ్గుతుంది. రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, నా ఓటు దానికే.

అపోహ: ఏసీ ఉన్న ఇంటికి వెంటిలేటర్లు దండగ.

వాస్తవం: పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. కిటికీ ఏడడుగుల దగ్గర ఆగిపోతే, పదడుగుల శ్లాబు కింద మూడడుగుల మేర వేడి గాలి అలాగే నిలిచిపోతుంది. అది పోవడానికే పైన వెంటిలేటర్. ఏసీ వేసినప్పుడు మూసుకునేలా దానికి అద్దం రెక్క పెట్టించండి. వేసవి రాత్రి కరెంటు పోయినప్పుడు పిల్లలు నిద్రపోవాలంటే ఆ చిన్న కంతే దిక్కు.

అపోహ: పిల్లర్ల ఇల్లే కదా, లోపలి గోడలు తర్వాత ఎలాగైనా జరుపుకోవచ్చు.

వాస్తవం: బరువు మోసేది పిల్లర్లు, బీములే. కానీ పై అంతస్తులో బీము మీదున్న గోడను పక్కకు జరిపితే ఆ బరువు శ్లాబు మీద పడుతుంది. పిల్లర్లు లేని పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడే శ్లాబును మోస్తుంటుంది. ఇంజనీరు చూడకుండా దాన్ని ముట్టుకోవద్దు.

ప్లాస్టరింగ్‌కు ముందే, గాలి ఉన్న ఒక సాయంత్రం సైటుకు వెళ్లి ప్రతి గదిలో అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ కదలకుండా నిలబడిన గదికి, లింటెల్ (గుమ్మం, కిటికీల మీద వేసే కాంక్రీటు పట్టీ) పైన ఇటుకలు తీసి వెంటిలేటర్ పెట్టడం ఆ దశలో మేస్త్రికి చిన్న పని.